గుంటూరు గ్రహణం - నీటి అడుగున ఊపిరి

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను అమరావతి స్తూపం గురించో పల్నాటి యుద్ధం గురించో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. ఆ రెండింటి మీదా నాకంటే బాగా రాయగల సభ్యులు మనలో చాలామంది ఉన్నారు. ముప్ఫయి ఏళ్ళు హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి కనుక, నాకు అలవాటయిన దారిలోనే ఒక వాయువు చరిత్ర రాస్తున్నాను. ఆ వాయువు పేరు హీలియం. దానికీ మన గుంటూరుకూ ఉన్న సంబంధం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. దానికీ మా ఇంటికీ సంబంధం ఎలా కలిసిందో ముందుగా మనవి చేస్తాను.

మా అమ్మాయి కొడుకు అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు రోజుల్లో వీపున గాలి సిలిండరు కట్టుకొని నీటి అడుగున ఈదే విద్య, దాన్ని స్కూబా అంటారు, నేర్చుకున్నాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. నిరుడు ‘ట్రైమిక్స్’ అనే శిక్షణలో చేరతానన్నాడు. మామూలు గాలికి బదులు ఆక్సిజన్, హీలియం, నైట్రోజన్ ఈ మూడూ కొలతప్రకారం కలిపిన మిశ్రమాన్ని పీలుస్తూ 60 మీటర్ల లోతు దాకా దిగడం అందులో నేర్పుతారట. మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి, “నాన్నా, వాడు నా మాట వినడు. నువ్వు చెబితే వింటాడు. వద్దని చెప్పు,” అని ఏడుపు గొంతుతో అడిగింది.

“తెలియని సంగతి మీద వద్దని ఎట్లా చెప్పేదమ్మా? నాకు కొంచెం గడువియ్యి,” అన్నాను. ఆ గడువులో చదివినదే ఈ వ్యాసం.

చదవడం మొదలుపెట్టగానే మొదట బయటపడింది నా తప్పే. ‘హీలియంను కనుగొన్నది ఎవరు? ఎక్కడ?’ అనే ప్రశ్నకు ‘1868లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, గుంటూరులో’ అని ఏటేటా పిల్లలచేత కంఠతా పట్టించాను. మన జిల్లా పేరు వచ్చే జవాబు గనుక పిల్లలు కూడా ఉత్సాహంగా చెప్పేవారు. అది పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. నా దగ్గర చదువుకొని, ఇప్పుడు తామూ పింఛనుదార్లయిన శిష్యులు ఈ సంచిక చదువుతారు. కాబట్టి వారి ముందు దిద్దుకోవడం నా విధి.

1868 ఆగస్టు 18వ తేదీ ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. చంద్రుని నీడ పడమటి తీరం దగ్గర మన దేశంలో ప్రవేశించి, నిజాం రాజ్యం మీదుగా, గుంటూరు, బందరుల మీదుగా సముద్రంలోకి పోయింది. గుంటూరులో చీకటి ఐదు నిమిషాలకు పైగా ఉన్నది. ఆ నీడ వెడల్పు రెండు వందల కిలోమీటర్లకు మించినది గనుక మన సత్తెనపల్లి కూడా అందులోనే ఉన్నది. మన తాతల తాతలు ఆ పూట పట్టుస్నానం చేసి, కడుపుతో ఉన్నవారిని గదిలో కూర్చోబెట్టి ఉంటారు. అప్పటికి గుంటూరు జిల్లా కూడా లేదు. 1859లో దానిని తీసివేసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1904లో గాని మళ్ళీ రాలేదు. (2022లో మనం పల్నాడు జిల్లాలోకి మారినప్పుడు కొందరు మిత్రులు బాధపడ్డారు. జిల్లాలు పోవడం, రావడం మనకు కొత్త కాదు.)

పియెర్ జాన్సెన్ ఫ్రాన్సు నుంచి ఓడలో వచ్చి గుంటూరులో దిగాడు. అది పత్తి వ్యాపారానికి పేరుపడ్డ ఊరు, అక్కడ ఫ్రెంచి వర్తకులు కూడా ఉండేవారు. వారిలో ఒకరి ఇంట ఆయన తన పరికరాలు అమర్చుకొన్నాడు. అదే ఊళ్ళో ఇంగ్లీషు సైనిక ఇంజనీరు మేజర్ టెన్నంట్ బృందం మకాం వేసింది. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్సన్ బందరులో ఉన్నాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి మరొక బృందాన్ని తీసుకొని వనపర్తికి వెళ్ళాడు. అంటే ఆ ఉదయం లోకం కళ్ళన్నీ మన తెలుగు నేల మీదనే ఉన్నాయన్నమాట.

గ్రహణ సమయంలో సూర్యబింబం అంచున ఎర్రని మంటల నాలుకలు కనిపిస్తాయి. అవి అసలు ఏమిటి అన్నది అప్పటి వివాదం. జాన్సెన్ ఆ వెలుగును వర్ణపటదర్శినితో విడదీసి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. అవి వేడి వాయువు గుర్తులు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండానే వీటిని చూడవచ్చునని ఆయనకు తోచింది. మర్నాడు, అంటే 19వ తేదీన, గుంటూరు ఎండలోనే మళ్ళీ చూశాడు. ఆ తర్వాత రెండు వారాలకు పైగా చూస్తూనే ఉన్నాడు. గుంటూరులో జరిగిన అసలు ఆవిష్కరణ ఇది. గ్రహణం కోసం కాచుకోకుండా సూర్యుణ్ణి పరిశీలించే పద్ధతి.

ఇక పసుపు గీత సంగతి. ఆ గీతను చూసినవారు పలువురు. అది సోడియం గీతే అని చాలామంది అనుకొన్నారు. సోడియం గీతతో అది సరిగా కలవడం లేదని గమనించిన వారిలో బందరులోని పాగ్సన్ ఒకడు. కాని ఆయన నివేదికకు రావలసినంత ప్రచారం రాలేదు. అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్, ఇక్కడి సంగతి తెలియకుండానే, గ్రహణం లేకుండా ఆ గీతలను చూశాడు. ఆయన, జాన్సెన్ రాసిన ఉత్తరాలు ఒకే రోజున ప్యారిస్‌లోని విజ్ఞాన అకాడమీకి చేరాయి. మన టపాలో అలాంటి విచిత్రాలు జరిగినట్టు నేను వినలేదు! ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖాలతో ఒక పతకం పోయించింది. ఆ పసుపు గీత భూమి మీద ఎవరూ ఎరగని పదార్థానిదని గట్టిగా పట్టుబట్టినవాడు లాకియర్. గ్రీకు భాషలో సూర్యుడికి హీలియస్ అని పేరు, దాని నుంచే హీలియం వచ్చింది.

కాబట్టి శిష్యులారా, జవాబు ఇలా దిద్దుకోండి. దారి చూపింది గుంటూరులో జాన్సెన్. తేడా గమనించినవారిలో ఒకడు బందరులో పాగ్సన్. కొత్త పదార్థమని చెప్పి పేరు పెట్టింది లాకియర్. నేను చేతిలోకి తీసుకొన్న మార్కులు ఏమైనా ఉంటే మన్నించండి.

ఇరవై ఏడేళ్ళపాటు హీలియం సూర్యునిలో మాత్రమే ఉన్నది. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో కరిగించినప్పుడు వచ్చిన వాయువులో ఆ పసుపు గీతే కనిపించింది. ఆ తర్వాత 1903లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో డెక్స్‌టర్ అనే చిన్న ఊళ్ళో గ్యాసు బావి పడింది. ఊరివారంతా పండుగ చేసుకొని, మండే గడ్డి మోపును దాని మీదికి తోస్తే, అంటుకోవడం పోయి మంట ఆరిపోయింది. ఊరివారి నిరాశ ఎంతటిదో ఊహించుకోండి. రెండేళ్ళ తర్వాత అక్కడి విశ్వవిద్యాలయంలో పరీక్షిస్తే ఆ గ్యాసులో రెండు శాతానికి కొంచెం తక్కువగా హీలియం తేలింది. అమెరికాకు హీలియం నిధి దొరికింది అలా. మండని తేలిక వాయువు గనుక మొదట దానిని గాలి ఓడలకు వాడారు.

ఈ రోజు మనలో మోకాళ్ళకో వెన్నుకో ఎం.ఆర్.ఐ. తీయించుకొన్నవారు హీలియం పక్కన పడుకొని వచ్చినవారే. ఆ యంత్రంలోని అయస్కాంతాన్ని చల్లబరిచేది ద్రవ హీలియం.

మరి ఈతగాడి ఊపిరిలోకి ఇది ఎలా వచ్చింది? దానికి ముందు నీటి బరువు సంగతి చెప్పుకోవాలి. పది మీటర్లు దిగితే ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. మన పొలాలకు నీరిచ్చే నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు. అంత లోతు నీటి అడుగున మనిషి నిలబడితే, ఇక్కడ మన మీద ఉన్న ఒత్తిడికి పదమూడు రెట్లకు పైగా ఉంటుంది. ఊపిరి పీల్చాలంటే లోపలికి పోయే గాలి కూడా అంత ఒత్తిడితోనే ఉండాలి.

ఆ ఒత్తిడిలో గాలి తన గుణం మార్చుకొంటుంది. మనం నిరపాయమనుకొనే నైట్రోజన్ మత్తెక్కిస్తుంది. ముప్ఫయి మీటర్లు దాటేసరికి మొదలై, అరవై మీటర్లకు వెళ్ళేసరికి రెండు ముంతలు కల్లు తాగినవాడిలా ఉంటుందట. మత్తెక్కినవాడికి తాను మత్తులో ఉన్నట్టు తెలియదు, అదే ప్రమాదం. మనం ప్రాణవాయువు అని పిలుచుకొనే ఆక్సిజన్ విషమవుతుంది. కొవిడ్ రోజుల్లో దాని కోసం రాత్రంతా వరుసల్లో నిలబడ్డ మనకు ఈ మాట నమ్మశక్యం కాదు. కాని ఒత్తిడిలో అది ఎక్కువైతే మూర్ఛ వస్తుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ట్ 1878లోనే రాశాడు. మూడోది, పైకి వచ్చేటప్పటి ప్రమాదం. గోలీ సోడా కొట్టగానే బుడగలు పైకి ఉబికినట్టు, ఒత్తిడి ఒక్కసారి తగ్గితే ఒంట్లో కరిగిన వాయువు బుడగలై కీళ్ళను, వెన్నుపామును పట్టుకొంటుంది. జాన్ స్కాట్ హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు మేకల మీద పరీక్షలు చేసి, ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగుతూ పైకి రావాలో 1908లో పట్టికలు వేశాడు. నేటి డైవర్ల చేతి కంప్యూటర్లకు కూడా మూలం ఆ పట్టికలే.

నైట్రోజనే మత్తుకు కారణమని అమెరికన్ నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెన్కే 1935లో చెప్పాడు. దాని స్థానంలో హీలియం వాడవచ్చునన్న ఆలోచన అంతకు ముందే, 1919లో, ఎలిహు థామ్సన్ అనే ఇంజనీరుది. హీలియం మత్తెక్కించదు, తేలికగా ఉంటుంది. 1937 డిసెంబరు 1న మాక్స్ నోల్ అనే యువకుడు, డాక్టర్ ఎడ్గార్ ఎండ్ లెక్కల సాయంతో, హీలియం ఆక్సిజన్ మిశ్రమం పీలుస్తూ మిచిగన్ సరస్సులో 420 అడుగులు దిగాడు. అది 128 మీటర్లు. సాగర్ డ్యామ్ పైనుంచి పునాది దాకా వెళ్ళి, ఇంకొంచెం కిందికి దిగినట్టు.

రెండేళ్ళలోనే అది నిజమైన పనికి వచ్చింది. 1939 మే 23న స్క్వాలస్ అనే అమెరికన్ జలాంతర్గామి 74 మీటర్ల లోతున మునిగింది. 26 మంది చనిపోగా 33 మందిని బతికించి పైకి తీశారు. తర్వాత ఆ ఓడను పైకి లేపే పనిలో, మామూలు గాలితో దిగిన డైవర్లు తలతిరిగి ఏం చేస్తున్నారో మరిచిపోతుంటే, హీలియం మిశ్రమంతో దిగినవారు తెలివిగా పనిచేశారు.

అదే ఏడు జూన్ 1న ఇంగ్లండులో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. ఆ మరణాల కారణం తేల్చడానికి పూనుకొన్నవాడు ముందు చెప్పిన హాల్డేన్ కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన మేకలను వదిలేసి తన మీదే ప్రయోగాలు చేసుకొన్నాడు. ఇనుప గదిలో కూర్చొని ఒత్తిడి పెంచుకొన్నాడు, మంచునీటిలో కూర్చొని లెక్కలు చేశాడు, చెవి పొరలు చిల్లులు పడ్డాయి, ఆక్సిజన్ మూర్ఛలో వెన్నుపూసలు నలిగాయి. లోతున మనిషి ఎంత తట్టుకొంటాడన్న జ్ఞానంలో కొంత ఆయన ఒంటి ఖర్చుతో వచ్చింది.

ఆయన గురించి ఇంత రాయడానికి కారణం ఉంది. 1957లో ఆయన ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశాడు. 1961లో భారత పౌరుడయ్యాడు. తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు, తరువాత ఆయన జీవితచరిత్రకారుడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోతూ, తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వాలని రాసిపెట్టాడు. ఆ దేహం చేరింది మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు. ఇది చదివిన రోజున నేను పుస్తకం మూసి కాసేపు వసారాలో కూర్చొన్నాను. హీలియం కథ మొదలయింది గుంటూరు ఎండలో, లోతు నీటిలో ఊపిరి గురించి ఒళ్ళు అరగదీసుకొన్న మనిషి చివరికి వచ్చింది కాకినాడకు. మధ్యలో నా మనవడు.

ఇక్కడి దాకా ఇదంతా నౌకాదళాలది, చమురు కంపెనీలది. వెనక వైద్యుడు, పైన ఓడ, ప్రభుత్వ ఖర్చు. సరదాకు దిగేవారికి 40 మీటర్లే హద్దు అని శిక్షణ సంస్థలు గీత గీశాయి, గాలి తప్ప మరొకటి వద్దన్నాయి. ఆ గీత దాటినవారు ఫ్లారిడాలోని నీటి గుహల వాళ్ళు. అక్కడ సున్నపురాతి నేల కింద స్వచ్ఛమైన ఊటలు లోతైన సొరంగాలలోకి పోతాయి. 1987లో బిల్ స్టోన్ నాయకత్వాన వకుల్లా అనే ఊటలో హీలియం మిశ్రమాలతో పెద్ద అన్వేషణ జరిగింది. అయితే ఆ విద్యను ఎక్కడా బడిలో చెప్పేవారు లేరు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకొన్నారు, చాలామంది గాలితోనే లోతుకు దిగి ప్రాణాలు పోగొట్టుకొన్నారు.

నా మనసుకు దగ్గరైన మనిషి ఇక్కడే తగిలాడు. షెక్ ఎక్స్‌లీ అనే ఆయన ఫ్లారిడాలో హైస్కూలు లెక్కల మాస్టారు. పగలు బడి, సెలవుల్లో గుహలు. 1979లో ఆయన గుహ ఈత మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ఆయన పద్ధతి ఏమిటంటే, జరిగిన ఒక్కొక్క మరణాన్ని తీసుకొని, ఎక్కడ తప్పు జరిగింది అని పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దడం. వెనక్కి దారి చూపే తాడు కట్టలేదు, ఉన్న గాలిలో మూడో వంతుకే వెనక్కి తిరగలేదు, గాలితో మరీ లోతుకు పోయాడు, ఇలా. శిక్షణ పాఠాలు ఆ దిద్దిన పేపర్ల నుంచే పుట్టాయి. 1990 తర్వాత, ఇలాంటి ఈతకు ‘టెక్నికల్ డైవింగ్’ అనే పేరు వచ్చాక, ఫ్లారిడాలో బిల్లీ డీన్స్, టామ్ మౌంట్ వంటి శిక్షకులు సరదా డైవర్లకు ట్రైమిక్స్‌ను క్రమంగా నేర్పడం మొదలుపెట్టారు. 1994లో టి.డి.ఐ. అనే సంస్థ, 1998లో జి.యు.ఇ. అనే సంస్థ వచ్చాయి. రాతపరీక్షలు, మెట్లు, హద్దులు ఏర్పడ్డాయి.

1994 ఏప్రిల్ 6న మెక్సికోలోని జకాటోన్ అనే నీటి గుండంలో, ట్రైమిక్స్‌తోనే, ఎవరూ చేరని లోతుకు దిగబోయి ఎక్స్‌లీ చనిపోయాడు. వయసు 45. అందరికంటే జాగ్రత్త తెలిసినవాడు. ఈ సంగతి మా అమ్మాయికి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, చెప్పాను. దాచి ఒప్పించడం నాకు చేతకాదు. “మరి ఇంకేం నాన్నా?” అన్నది. “ఆయన పోయింది మూడు వందల మీటర్లకు దగ్గరి లోతుల్లో. మనవాడు అడిగేది అరవై,” అన్నాను. అది సగం జవాబేనని నాకు తెలుసు.

మిగతా సగం కోసం ఆ శిక్షణలో ఏం చెబుతారో మనవడినే అడిగాను. వారం వారం ఫోనులో నాకు పాఠం చెప్పాడు. మాస్టారికి శిష్యరికం!

సిలిండరు మీద ‘18/45’ అని రాస్తారు. నూటికి 18 పాళ్ళు ఆక్సిజన్, 45 హీలియం, తక్కిన 37 నైట్రోజన్. అరవై మీటర్ల అడుగున దీన్ని పీలిస్తే మత్తు, గాలితో దాదాపు 28 మీటర్లలో ఉన్నంతే. ఆక్సిజన్ కూడా హద్దులోనే ఉంటుంది. నేను కాగితం పెన్సిలు పట్టి లెక్క చేశాను, సరిపోయింది. ఇంకో సంగతి అతను చెబితే గాని నాకు తట్టలేదు. అరవై మీటర్లలో మామూలు గాలి లీటరు దాదాపు 9 గ్రాములు తూగుతుంది. అంత చిక్కని గాలిని ఊపిరితిత్తులు తోడలేవు, ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకొంటుంది. ఈ మిశ్రమం ఐదున్నర గ్రాములకు అటూ ఇటూ. 2016లో ఆంథొనీ, మిచెల్ అనే పరిశోధకులు, లీటరుకు 5.2 గ్రాములు దాటకుండా చూసుకోవడం మంచిదని, 6.2 దాటితే ప్రమాదమని తేల్చారు. ఆ లెక్కన గాలి ముప్ఫయి మీటర్ల దగ్గరే హద్దుకు వస్తుంది. అందుకే ఇప్పుడు హీలియం లోతైన సాహసాలకే కాక, ముప్ఫయి దాటిన ఈతకు కూడా మంచిదని కొందరు శిక్షకులు బోధిస్తున్నారు. గొప్పకోసం వాడే గ్యాసు అనుకొన్నది జాగ్రత్తకోసం వాడే గ్యాసు అయింది.

హీలియంకు తన దోషాలున్నాయి. ఒంటి వేడిని గాలికంటే ఆరు రెట్లు త్వరగా లాగేస్తుంది. నూట యాభై మీటర్లు దాటితే చేతులు వణికిస్తుంది. ఖరీదు చెప్పనక్కరలేదు. పైకి వచ్చేటప్పుడు ఆగవలసిన చోట ఆగవలసిందే, హీలియం వాడామని అందులో రాయితీ లేదు. (పెళ్ళిళ్ళలో బుడగల్లోని గ్యాసు పీల్చి పిట్ట గొంతుతో మాట్లాడే పిల్లలను వారించండి. అందులో ఆక్సిజన్ ఉండదు, క్షణాల్లో సొమ్మసిల్లుతారు.)

అన్నిటికంటే నన్ను ఆకట్టుకొన్నది సిలిండరు మార్చే పాఠం. లోతుకు ఒక మిశ్రమం, పైకి వచ్చే దారిలో ఇంకొకటి, ఆరు మీటర్ల దగ్గర శుద్ధ ఆక్సిజన్. ఆరు మీటర్లలో మేలు చేసే ఆక్సిజన్ అరవైలో నోట పెట్టుకొంటే మూర్ఛ. వంద మీటర్లకు పనికివచ్చే, పది పాళ్ళే ఆక్సిజన్ ఉన్న మిశ్రమాన్ని నీటిపైన పీలిస్తే స్పృహ తప్పుతుంది. ఒకే సిలిండరు ఒకచోట ఊపిరి, ఒకచోట ఉరి. అందుకని ఎవరి గ్యాసును వారే యంత్రంతో పరీక్షించి, పాళ్ళు, లోతు, తేదీ రాసి, సంతకం పెట్టి అంటించుకోవాలి. మిర్చి యార్డులో లాటు చీటీ లేని టిక్కీని ఎవరూ ముట్టుకోరు చూడండి, అట్లాగే. నీటిలో మార్చేటప్పుడు ఆ చీటీని జతగాడికి చూపించి, అతను తల ఊపిన తర్వాతే నోట పెట్టుకోవాలి. తెచ్చుకొన్న గ్యాసును మూడు వంతులు చేసి, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి, ఒకటి ఆపదకు ఉంచాలి. మన పింఛను కూడా ఇలా పంచుకోగలిగితే ఎంత బాగుండును! జతలో ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా ‘ఇక చాలు, పైకి పోదాం’ అని వేలు చూపవచ్చు. మిగతావారు ఎందుకని అడగకూడదు.

ఇది విన్నప్పుడు నాకు మా చిన్ననాటి పాతరలు గుర్తుకొచ్చాయి. ధాన్యం పాతర మూత తీసిన వెంటనే ఎవరూ దిగేవారు కాదు. పాడుపడ్డ బావిలో పూడిక తీయాలంటే ముందు తాడు కట్టి లాంతరు దించేవారు. లాంతరు ఆరిపోతే పని మర్నాటికి. మా ఊళ్ళో ఒకసారి తొందరపడి లాంతరు దించకుండా దిగిన ఇద్దరు అన్నదమ్ములు తిరిగి రాలేదు. నేనప్పుడు ఐదో తరగతి. వాళ్ళమ్మ ఆ బావి గట్టు మీద కూర్చొన్న తీరు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. వద్దని చెప్పేవాళ్ళు లేక కాదు వాళ్ళు పోయింది. లాంతరు ఉండి కూడా దించకపోవడం వల్ల.

మన రాష్ట్రంలో ఈ విద్య సరదాకు ఇంకా అంత లోతుకు పోలేదు గాని, వృత్తిగా విశాఖపట్నంలో ఉన్నది. పాత నిస్తార్ అనే నౌక 1969లో రష్యా నుంచి కొని, 1971లో నౌకాదళంలో చేర్చినది. ఆ యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన ఘాజీ జలాంతర్గామిని గుర్తించిన పని దానిదే. అదే పేరుతో కొత్త నౌకను విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులోనే కట్టి 2025 జూలై 18న నౌకాదళ సేవలోకి తీసుకొన్నారు. దానిమీద డైవర్లు రోజుల తరబడి ఒత్తిడి గదిలోనే హీలియం మిశ్రమంలో కాపురముండి, 300 మీటర్ల దాకా దిగి పనిచేయగల ఏర్పాటు ఉంది. ఆ గదిలో అందరివీ పిట్ట గొంతులే. మాటలు పైవారికి అర్థమయ్యేలా మార్చడానికి వేరే యంత్రం కావాలి. నిస్తారమంటే దాటించడం అని మన సంస్కృతం మాస్టారు వేరే చెప్పనక్కరలేదు.

చివరికి మనవడికి వద్దని చెప్పలేదు. “లాంతరు దించకుండా దిగకు,” అన్నాను. వాడికి పాతర తెలియదు గనుక ఆ కథంతా చెప్పవలసి వచ్చింది. మా అమ్మాయి పదిరోజులు నాతో మాట్లాడలేదు.

శిక్షణ ఆఖరి రోజున వాడి ఫోను కోసం ఇద్దరం రాత్రంతా మేలుకొని ఉన్నాం. తెల్లవారుజామున చేశాడు. గొంతు చిన్నబోయి ఉంది. “తాతయ్యా, ఫెయిలయ్యాను. ఇరవై ఒక్క మీటర్ల దగ్గర సిలిండరు మార్చేటప్పుడు చీటీ జతగాడికి చూపించాను గాని, వాడు తల ఊపే దాకా ఆగలేదు. సిలిండరు సరైనదే. అయినా మాస్టారు సర్టిఫికెట్ ఇవ్వలేదు. మళ్ళీ మొత్తం చేయమన్నాడు.”

ఆ శిక్షకుడెవరో నాకు తెలియదు. సర్వీసులో ఉండగా జవాబు సరిగా వచ్చి పద్ధతి తప్పిన పేపర్లకు నేను ఎన్నిసార్లు చూసీ చూడనట్టు మార్కులు వేశానో గుర్తు చేసుకొన్నాను. ఫోను మా అమ్మాయికి ఇచ్చాను. అది ఆ రోజున కొడుకుతో చాలాసేపు మాట్లాడింది, నాతో కూడా మాట్లాడింది. దసరా తర్వాత వాడు మళ్ళీ వెళ్ళాలి. ఈలోగా నేను సిలిండరు చీటీ నమూనా ఒకటి తెప్పించుకొని, గుంటూరు గ్రహణం బొమ్మ పక్కన నా బల్ల అద్దం కింద పెట్టుకొన్నాను.